ఎలుకకు కావలసింది వైరు కాదు, వసతి

వరికోతలకు నాలుగు రోజుల ముందు షెడ్డులో ఉన్న హార్వెస్టర్‌ను బయటికి తీద్దామని తాళం తిప్పితే సెల్ఫ్ అందుకోదు. బ్యాటరీలో ఛార్జింగ్ ఉంటుంది, ట్యాంకులో డీజిల్ ఉంటుంది, ఫ్యూజులు బాగానే కనిపిస్తాయి. మెకానిక్ వచ్చి ఒక్కో మూతా విప్పుకుంటూ పోతే చివరికి ఇంజను వెనక, చెయ్యి దూరని సందులో, వేలెడు పొడవున తొడుగు ఊడి మెరుస్తున్న రాగితీగలు బయటపడతాయి. పక్కనే గుప్పెడు ఎండుగడ్డి, పీచులు పీచులుగా చీల్చిన గోనెపట్టా ముక్క, నల్లటి పెంటికలు. తెగిన వైరు ఖరీదు తక్కువే. అది ఎక్కడ తెగిందో వెతకడానికి పట్టే సమయమే అసలు ఖర్చు. కొండను తవ్వి ఎలుకను పట్టడమనే మాటను పెద్దలు వృథా శ్రమను ఎగతాళి చెయ్యడానికి వాడారు కానీ, బండ్ల ఎలక్ట్రీషియన్‌కు అది రోజువారీ పని. కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో ఒక యంత్రం రెండు రోజులు ఆగితే యజమానికి కిరాయి పోతుంది. మబ్బు పట్టిన ఆకాశం కింద పండిన చేను పెట్టుకుని ఎదురుచూసే రైతుకు అంతకంటే ఎక్కువే పోవచ్చు.

ట్రాక్టరుకైనా కారుకైనా ఆటోకైనా పల్లెల్లో ఈ బెడద తెలిసిందే. దానికి చెప్పుకునే చిట్కాలకూ కొదవ లేదు. బానెట్ కింద పొగాకు కాడలు కట్టమంటారు. కలరా ఉండలు మూటగట్టి పెట్టమంటారు. కర్పూరం, పుదీనా నూనె, వేపనూనె, ఘాటైన స్ప్రేలు, మన చెవికి వినపడని శబ్దం చేసే చిన్న పెట్టెలు, చివరికి ఎలుకల మందు. చూడటానికి ఇవి వేర్వేరు మార్గాలే అయినా వీటిలో ఎక్కువ భాగం వెనకున్న ఊహ ఒక్కటే: ఎలుక వైరు కోసం వచ్చింది, వైరును చేదుగానో ఘాటుగానో చేస్తే పోతుంది. ఈ ఊహే పొరపాటు. ఎలుక వచ్చింది ఇంటి కోసం. వైరు ఆ ఇంట్లో దాని పంటికి అడ్డొచ్చిన వస్తువు మాత్రమే. కాబట్టి మన డబ్బూ శ్రద్ధా ముందుగా పెట్టాల్సింది బండి చుట్టూ ఉన్న నేల మీద, తర్వాత బానెట్ కింద దానికి దొరికే సుఖం మీద, ఆ తర్వాతే వైరు మీద. ఎలుకను చంపడం ఈ వరుసలో చివరిది. ఈ వరుస తలకిందులైనంత కాలం ఏటా అదే రిపేరు, అదే బిల్లు.

ముందు పళ్ల సంగతి. ఎలుకకు పైన రెండు, కింద రెండు కొరికే పళ్లు ఉంటాయి. అవి బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. అరగకపోతే ఏడాదికి 10 సెంటీమీటర్లు దాటిపోతాయి. ఆ పంటికి ముందు వైపు మాత్రమే గట్టి ఎనామిల్ పొర ఉంటుంది, వెనక భాగం మెత్తన. మెత్తనిది త్వరగా అరిగి, గట్టిది నిలబడటంతో పంటి అంచు ఎప్పుడూ వడ్రంగి ఉలిలా వాడిగానే ఉంటుంది. ఆ ఎనామిల్ రాగి కంటే గట్టిది. అందువల్ల సన్నని రాగితీగా, దాని మీది ప్లాస్టిక్ తొడుగూ దానికి ఒక లెక్కలోవి కావు. అయితే పళ్లు అరగదీసుకోవడానికే ఎలుక వైర్లు కొరుకుతుందన్న మాట సగమే నిజం. కింది పళ్లనూ పై పళ్లనూ ఒకదానితో ఒకటి రాచుకునే అది వాటిని హద్దులో ఉంచుకోగలదు. ఎలుకకు కొరకడమంటే మనకు చేత్తో తడిమి చూడటం లాంటిది. కొత్త వస్తువు ఏమిటో తెలుసుకోవడానికి కొరుకుతుంది. దారికి అడ్డమొస్తే కొరుకుతుంది. గూటికి మెత్తని పీచు కావాలన్నా కొరుకుతుంది. అంటే వైరు తెగడానికి ముందే ఎలుక అక్కడ తిరగడం మొదలై చాలా రోజులైందని అర్థం.

ఇక్కడ ఒక వాదం ఎదురవుతుంది. కొత్త కార్ల వైర్ల తొడుగులో సోయా లాంటి మొక్కల పదార్థాలు కలుపుతున్నారని, ఆ రుచికే ఎలుకలు ఎగబడుతున్నాయని చాలామంది నమ్ముతారు. ఇదే ఆరోపణతో 2016లో అమెరికాలోని కాలిఫోర్నియాలో టయోటా యజమానులు కోర్టుకు కూడా వెళ్లారు. అయితే ప్లాస్టిక్ అన్నది లేని కాలంలోనే ఎలుకలు సీసపు గొట్టాలను, సీసపు తొడుగున్న కేబుళ్లను కొరికాయి. గోడ ఇటుకనూ, తలుపు చెక్కనూ, నీటి పైపునూ అవి వదలవు. వాటిలో ఏ సోయా ఉంది? యూరప్‌లో మార్టెన్ అనే జంతువు ఉంది. అది ఎలుక జాతిది కాదు. ముంగిసను తలపించే వేటజంతువు, ఎలుకలనూ పక్షుల గుడ్లనూ తింటుంది. జర్మనీలో కార్ల వైర్లకూ రబ్బరు గొట్టాలకూ పెద్ద శత్రువు అదే. తన హద్దులో ఆగిన కారులో మరో మార్టెన్ వాసన తగిలితే అది రెచ్చిపోయి కొరికేస్తుంది. మాంసం తినే జంతువు సోయా రుచికి రాలేదు కదా! తొడుగులో మొక్కల పదార్థం ఉంటే ఎలుక ఇంకాస్త ఇష్టంగా కొరుకుతుందేమో అనుకున్నా, అది అసలు అక్కడికి ఎందుకు చేరిందన్న ప్రశ్నకు జవాబు తొడుగులో దొరకదు.

ఆ జవాబు బానెట్ కింద ఉంది. ఎలుక కళ్లతో చూస్తే అంతకు మించిన ఇల్లు లేదు. పైన రేకు కప్పు, లోపల చీకటి, వానకు తడవదు, కుక్కా పిల్లీ చేరలేవు. చలికాలపు రాత్రుల్లో ఇంజను ఆపిన తర్వాత కొన్ని గంటల పాటు వెచ్చదనం కూడా దొరుకుతుంది. బానెట్ లోపలి వైపు అతికించిన మెత్తని పట్టాను పీకితే పడక సిద్ధం. పైగా ఈ ఇంటికి తలుపుల్లేవు. పెన్సిల్ పట్టే రంధ్రంలోంచి చిట్టెలుక దూరుతుంది, బొటనవేలు పట్టే సందు ఉంటే ఇంటి ఎలుక దూరుతుంది. వాహనం అడుగు భాగమేమో మొత్తం తెరిచే ఉంటుంది. టైరు మీదుగా ఎక్కడం దానికి మెట్లెక్కినంత తేలిక. గాలి ఆడాలి, వేడి పోవాలి, చక్రాలు తిరగాలి గనుక ఏ కంపెనీ అయినా వాహనాన్ని ఎలుక దూరకుండా బిగించలేదు. ఇల్లును బిగించుకోవచ్చు, గాదెను బిగించుకోవచ్చు, బండిని బిగించలేం. బండికి కాపలా పెట్టాలంటే ఆ కాపలా బండి బయటే మొదలవ్వాలి.

మన పల్లెల కాలచక్రం కూడా ఇదే చెబుతుంది. పంట పొలాల్లో పొలం ఎలుకలు, పందికొక్కులు వరి ఎదిగే కొద్దీ పెరుగుతాయి. గట్లలో బొరియలు తవ్వుకుని, కంకులు కొరికి లోపల దాచుకుంటాయి. ఆడ ఎలుక కడుపుతో ఉండేది మూడు వారాలే. పుట్టిన పిల్లలు రెండు మూడు నెలల్లో మళ్లీ పిల్లల్ని పెట్టే వయసుకొస్తాయి. అందువల్ల కోతల నాటికి చేలో వాటి సంఖ్య ఎక్కువగా ఉంటుంది. ఆ సమయంలోనే మనం ఒక్కసారిగా చేను కోసి, వాటికి తిండీ చాటూ రెండూ లేకుండా చేస్తాం. అదే ధాన్యాన్ని, అదే గడ్డిని ఇంటి దగ్గరికి చేరుస్తాం. తిండి ఎటు పోతే ఎలుకలూ అటే. వర్షాకాలంలో బొరియల్లో నీళ్లు నిండినా ఇదే జరుగుతుంది. వాటికి ఎదురయ్యే మొదటి పొడి చోటు తరచుగా గడ్డివాము పక్కన నిలిపిన ట్రాక్టరు. ఇక హార్వెస్టర్ లాంటి యంత్రానికి మరో ఇబ్బంది ఉంది. అది ఏడాదిలో కొన్ని వారాలే పని చేసి, మిగతా నెలలు కదలకుండా ఉంటుంది. దాని మూలల్లో నిరుడు ఇరుక్కున్న గింజలూ గడ్డీ అలాగే ఉంటాయి. ఇంటితో పాటు వంటగది కూడా సిద్ధంగా ఉన్నట్టే.

ఎలుకలు కొత్తవి కాదు, బొరియలు కొత్తవి కాదు. నష్టం మాత్రం ఇప్పుడు పెరిగింది. కారణం యంత్రాలు మారడం. పాతకాలపు ట్రాక్టరులో వైర్లు తక్కువ. ఎలుక ఒకటి కొరికితే లైటు వెలగదు, హారన్ మోగదు, అంతే. ఇంజను మాత్రం తోసి స్టార్ట్ చేసినా నడిచేది. దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలకు బీఎస్-6, 2023 జనవరి నుంచి 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. వాటితో పాటు ఇంజను చుట్టూ సెన్సర్లు, వాటిని నడిపే కంప్యూటర్ పెట్టె, వాటి మధ్య సన్నని వైర్లు పెరిగాయి. ఆ వైర్లలో ఒక్కటి తెగినా ఇంజను మొరాయిస్తుంది, లేదా సగం శక్తితోనే నడుస్తుంది. తెగకుండా తొడుగు మాత్రమే ఊడితే ఇంకా ప్రమాదం: రెండు తీగలు తగిలి షార్ట్ సర్క్యూట్ కావచ్చు. పక్కనే ఎలుక పేర్చిన ఎండుగడ్డి ఉంటే మంట అంటుకోవడానికి వేరే ఏర్పాటు అక్కర్లేదు. పెట్రోలు వెళ్లే రబ్బరు గొట్టానికి పన్ను తగిలినా అంతే. ఎలక్ట్రిక్ వాహనాల్లో నారింజ రంగు తొడుగున్న వైర్లలో ఎక్కువ ఓల్టేజీ ఉంటుంది. వాటి మీద పంటిగాటు కనిపిస్తే తెలిసిన మెకానిక్ తప్ప ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

పరిసరాలు బాగుచేస్తే ఎలుకలు తగ్గుతాయా, లేక ఇది శుభ్రత మీద మరో ఉపన్యాసమేనా? దీనికి పాతదే అయినా గట్టి సాక్ష్యం ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కర్ట్ రిక్టర్ ఎలుకల మందుతో పెద్దఎత్తున పని నడిపారు. తర్వాత అక్కడే డేవిడ్ డేవిస్, జాన్ ఎమ్లెన్ వంటి పరిశోధకులు వాడల్లో ఎలుకల సంఖ్యను ఏళ్ల తరబడి లెక్కగట్టారు. ఎలుకల్ని పట్టి, చంపి తగ్గించిన చోట వాటి సంఖ్య కొన్ని నెలల్లోనే తిరిగి పాత లెక్కకు చేరింది. తిండి దొరికే చెత్తనూ, దాక్కునే చోట్లనూ తీసేసిన చోట మాత్రం సంఖ్య పడిపోయి, అలాగే ఉండిపోయింది. కారణం కష్టమైనదేమీ కాదు. ఒక చోట ఎన్ని ఎలుకలు బతకాలో నిర్ణయించేది అక్కడి తిండీ గూడూ. కొన్నిటిని చంపితే మిగిలినవాటికి తిండి ఎక్కువై, పిల్లలు ఎక్కువ బతికి, ఖాళీ నిండిపోతుంది. అది పట్నం, ఇది పల్లె అని తోసెయ్యడానికి లేదు. మన వ్యవసాయ శాఖ దశాబ్దాలుగా చెబుతున్న సామూహిక ఎలుకల నివారణ వెనకున్న తర్కం కూడా ఇలాంటిదే: ఒక్క రైతు తన చేలో చంపితే పక్క చేలోవి వచ్చి చేరతాయి కాబట్టి ఊరంతా ఒకే రోజు, అదీ పంట పొట్టకు రాకముందే చెయ్యాలంటారు. చావు ఒక్కటే ఎలుకను ఆపదు. ఖాళీ చోటు లేకపోవడం ఆపుతుంది.

చిట్కాలను నమ్మేవాళ్లు ఇక్కడ ఒక న్యాయమైన మాట అంటారు: పొగాకు కట్టాక నెల రోజులు ఎలుక రాలేదు, మరి అది పని చేసినట్టే కదా? కొద్ది రోజులు పని చెయ్యవచ్చు. ఎలుకకు కొత్త వస్తువన్నా కొత్త వాసనన్నా జంకు; కొన్నాళ్లు దూరంగా తిరుగుతుంది. అయితే ఆ వాసన వల్ల తనకు హాని ఏమీ లేదని తెలిసేసరికి జంకు పోతుంది. ఈలోగా ఇంజను వేడికి కర్పూరం, కలరా ఉండలు ఆవిరైపోతాయి, నూనెల ఘాటు ఎగిరిపోతుంది. పైగా కలరా ఉండల ఆవిరి కారు లోపలికి చేరితే పిల్లలకు మంచిది కాదు. కారం సంగతి కొంచెం వేరు. మిరపలోని మంట పక్షులకు తెలియదు గానీ ఎలుకలకు తెలుస్తుంది. అందుకే హోండా కంపెనీ ఆ ఘాటు పదార్థం పట్టించిన టేపును వైర్లకు చుట్టడానికి అమ్ముతోంది. పదేపదే దెబ్బతినే ఒక వైరుకు ఆ టేపు చుట్టడం సబబే. కానీ టేపు చుట్టిన వైరు పక్కనే చుట్టని వైర్లు ఉంటాయి. గూడు అక్కడే ఉన్నంత కాలం ఎలుక పన్ను వాటి మీదికి మళ్లుతుంది. గుంటూరు కారం నీళ్లలో కలిపి చల్లితే వేడికీ దుమ్ముకీ కొద్ది రోజుల్లోనే ఘాటు పోతుంది. చివరికి మిగిలేది బానెట్ ఎత్తిన మెకానిక్ కళ్ల మంటే.

శబ్దం చేసే పెట్టెలది ఇంకా బలహీనమైన కథ. మన చెవికి అందని ఎత్తైన శబ్దాలు ఎలుకకు వినపడతాయన్నది నిజమే. అయితే అలాంటి శబ్దం గోడనూ రేకునూ దాటి పోలేదు. ఇంజను దిమ్మ వెనక కూర్చున్న ఎలుకకు అది దాదాపు చేరదు. చేరినా నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది. 2001లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి పరికరాలు తయారుచేసే, అమ్మే 60కి పైగా సంస్థలకు, శాస్త్రీయ ఆధారం లేకుండా ప్రకటనలు ఇవ్వొద్దని హెచ్చరిక లేఖలు పంపింది. పిల్లి మీద నమ్మకానికీ హద్దు ఉండాలి. చిట్టెలుకలను పిల్లి అదుపులో ఉంచగలదు. బలిసిన పందికొక్కు జోలికి చాలా పిల్లులు పోవు. న్యూయార్క్‌లోని ఒక చెత్త శుద్ధి కేంద్రంలో పరిశోధకులు 79 రోజులు కెమెరాలు పెట్టి చూస్తే, అక్కడ తిరిగే పిల్లులు పట్టి చంపింది రెండు ఎలుకలను మాత్రమే. పిల్లులు ఉన్నప్పుడు ఎలుకలు దాక్కున్నాయి, అంతే. దాక్కోవడానికి బానెట్ లాంటి చోటు ఉంటే పిల్లి భయం కూడా వాటిని అక్కడికే తోస్తుంది.

ఇక మందు. వెంటనే ఫలితం కనిపిస్తుంది కాబట్టి దీని మీద మోజు ఎక్కువ. కానీ ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అన్న సామెత సరిగ్గా ఇక్కడే వర్తిస్తుంది. బజారులో పేస్టు రూపంలో దొరికే పసుపు భాస్వరం మందు మనిషి కాలేయాన్ని నాశనం చేస్తుంది. దానికి విరుగుడు లేదు. పిల్లలు తిరిగే ఇంట్లో దాన్ని పెట్టడం ఎలుక కంటే పెద్ద ప్రమాదాన్ని తెచ్చుకోవడమే. నిల్వ ధాన్యంలో పురుగుల కోసం వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను ఎలుకల కోసం షెడ్డులో పెడితే, వాటి నుంచి వచ్చే వాయువు మనిషినే చంపగలదు. బ్రోమాడియోలోన్ బిళ్లలు తిన్న ఎలుక కొన్ని రోజుల తర్వాత చస్తుంది. ఆ చావు బానెట్ లోపలో, ఏసీ గొట్టంలోనో జరిగితే ఆ కంపుకు యంత్రం మొత్తం విప్పాల్సిందే. ఆ మందు తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే దానికీ విషమే. ఎలుకలను ఉచితంగా పట్టే గుడ్లగూబనూ జెర్రిపోతునూ అపశకునమనో భయంతోనో చంపి, ఆ పనికి మందు కొనుక్కోవడం లెక్క తెలిసినవాళ్లు చెయ్యాల్సిన బేరం కాదు. మందు వాడక తప్పకపోతే అది పొలం గట్ల మీది బొరియల్లో, వ్యవసాయాధికారి సలహాతో, ఊరంతా కలిసి చేసే పనిగా ఉండాలి.

అసలు గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. పల్లెలో ఇల్లంటే గడ్డి ఉంటుంది, పశువులుంటాయి, తవుడూ చిట్టూ దాణా ఉంటాయి, ధాన్యం బస్తాలుంటాయి. వాటన్నిటినీ తీసెయ్యమంటే వ్యవసాయమే మానుకోమన్నట్టు కదా? తీసెయ్యమని ఎవరూ అనలేరు. కావలసింది దూరం. తిండీ గూడూ దగ్గర దగ్గరగా దొరికే ఎలుక రోజూ తిరిగే దారి కొద్ది పదుల మీటర్లే. అంతకు మించి పోవాల్సిన అవసరం దానికి లేదు. పైగా అది నడిమధ్య నేలను దాటడానికి ఇష్టపడదు. గోడ వారగా, మీసాలతో తడుముకుంటూ, ఏదో ఒకదాని చాటున నడుస్తుంది. రోజూ నడిచే చోట గోడ మీద నూనె మరక లాంటి నల్లటి గీత కనిపిస్తుంది కూడా. కాబట్టి ట్రాక్టరు షెడ్డునూ గడ్డివామునూ ఒకే కప్పు కింద పెట్టకపోవడం, బండిని గోడకు ఆనించి కాకుండా నాలుగు వైపులా పదడుగుల ఖాళీ నేల ఉండేలా నిలపడం, ఆ నేల మీద కలుపూ పాత టైర్లూ పనికిరాని సామానూ లేకుండా చూడటం, ఈ మూడూ ఖర్చులేని పనులే. దాణానూ గింజలనూ మూత గట్టిగా పట్టే రేకు డ్రమ్ములో పోస్తే సగం ఆకర్షణ పోతుంది. ప్లాస్టిక్ బస్తా ఎలుకకు సంచి కాదు, పళ్లెం. షెడ్డు నేలకు సిమెంటు వేసి, తలుపు కింద అర సెంటీమీటరు కంటే ఎక్కువ సందు లేకుండా రేకు పట్టీ కొడితే చిట్టెలుకకు కూడా దారి మూసుకుంటుంది.

తర్వాత బానెట్ కింది సుఖాన్ని చెడగొట్టాలి. ఊళ్లలో కొందరు రాత్రిపూట బానెట్ ఎత్తి ఉంచుతారు, షెడ్డులో లైటు వేసి ఉంచుతారు. చదువుకున్నవాళ్లు దీన్ని చాదస్తం అనుకుంటారు గానీ, అన్ని చిట్కాల్లోకీ ఎలుక స్వభావానికి సరిపోయేది ఇదే. అది వెతికే చీకటినీ చాటునూ తీసేస్తున్నాం కాబట్టి. వారానికొకసారైనా బండిని కదిలించి, కొంత దూరం నడిపితే కట్టుకున్న గూడు నిలవదు. నెలల పాటు ఆపే హార్వెస్టర్‌ను ఆపేముందు లోపలి గింజలూ గడ్డీ మొత్తం ఊడ్చి, పక్క మూతలు తెరిచి ఉంచి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పెయ్యాలి. తీగ విప్పితే ఎలుక కొరికినా షార్ట్ సర్క్యూట్ భయం ఉండదు. ఒకసారి గూడు పట్టిన బండిని శుభ్రం చెయ్యకుండా వదలకూడదు. ఎలుక మూత్రపు వాసన మరో ఎలుకకు ఇక్కడ చోటు ఉందని చెప్పే కబురు. అయితే ఆ గూడును ఒట్టి చేతులతో పీకడం తప్పు. ఎలుక మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం మనుషులకు సోకుతుంది. చేతికి గ్లౌజులు తొడిగి, ముందు బ్లీచింగ్ నీళ్లతో తడిపి, దుమ్ము లేవకుండా తీసి కాల్చెయ్యాలి. ఇంజను గదిని కడిగేటప్పుడు కంప్యూటర్ పెట్టె మీదా కనెక్టర్ల మీదా నీటి ధార పడకుండా చూసుకోవాలి.

ఇవి చేశాకే వైరుకు కవచం, ఎలుకకు బోను. పదేపదే తెగే చోట వైర్లకు స్టీలు అల్లిక తొడుగు వేయించవచ్చు; ఏసీ గాలి లోపలికి పోయే కంతకు అర సెంటీమీటరు కళ్లున్న ఇనుప జల్లెడ బిగించవచ్చు. రేడియేటరుకు గాలి అడ్డుకునేలా మాత్రం ఏదీ కట్టకూడదు. వేడెక్కే సైలెన్సర్ గొట్టం దగ్గర గుడ్డలూ ప్లాస్టిక్కూ అసలే వద్దు. బోను విషయంలో మన పాత పద్ధతులే మేలు. గోదావరి జిల్లాల్లో వెదురు బుట్టలతో ఎలుకలు పట్టేవాళ్లూ, నెల్లూరు ప్రాంతపు యానాదులూ ఎలుక నడిచే దారిని చూసి పడతారు; బోను ఎంత మంచిదన్నది కాదు, ఎక్కడ పెట్టామన్నదే వాళ్ల విద్య. ఆ నల్లటి గీత ఉన్న గోడ వారగా బోను పెట్టి, రెండు రాత్రులు మూత పడకుండా కట్టి, ఎండుచేపో పకోడీయో తినడం అలవాటు చేసి, మూడో రాత్రి కట్టు విప్పితే జంకు తీరిన ఎలుక దొరుకుతుంది. పగలు కొరికేది ఉడుత కావచ్చు. చెట్టు కింద నిలిపే బండికి అది చేసే నష్టాన్ని బోనుతో కాక, బండిని చెట్టు నుంచి జరపడంతోనే ఆపాలి.

బీమా ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఎలుక కొరికిన దానికి పైసా రాదు. సొంత నష్టానికి కూడా వర్తించే సమగ్ర పాలసీలో ఎలుక నష్టాన్ని ఒప్పుకోవడం కంపెనీని బట్టి, పాలసీలో రాసిన మాటను బట్టి మారుతుంది. ఒప్పుకున్నా రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాల మీద సాధారణ పాలసీ 50 శాతం తరుగు తీసేస్తుంది. అందుకే వైరు తెగిందని తెలియగానే విప్పించకుండా, ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీసి, ముందు కంపెనీకి చెప్పి, సర్వేయరు చూశాకే రిపేరు చేయించాలి. తెగిన వైరును మెలిపెట్టి టేపు చుట్టి పంపించే రిపేరుతో సరిపెట్టుకోకూడదు; సెన్సరు వైరులో అలాంటి అతుకు వానాకాలంలో మళ్లీ చిలుము పడుతుంది. సోల్డరింగ్ చేసి, వేడికి బిగుసుకునే తొడుగు వేయించుకోవాలి.

ఇన్ని పనులు ఎవరు చేస్తారన్నది చివరి ప్రశ్న. లెక్క చూస్తే షెడ్డుకు సిమెంటు లాంటి ఒకసారి చేసే పనులు పోను, మిగతావి కలిపి సీజనుకు ఒక పూట పని. రిపేరుకు పోయే రోజులతో పోలిస్తే అది చాలా తక్కువ. ఎలుకలు పూర్తిగా లేని పల్లె ఎక్కడా ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. అవి మన బండిలో కాపురం పెట్టకుండా ఉంటే చాలు. కోతలు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం టార్చి పట్టుకుని షెడ్డు గోడల వెంట నడిచి చూడండి. గోడ మీద నల్లటి గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూస్తే, ముందుగా జరపాల్సింది దాణా బస్తానా, గడ్డివామా, ట్రాక్టరా అన్నది అక్కడే తేలిపోతుంది. ఆ తర్వాత కూడా మనసు ఒప్పకపోతే పొగాకు కాడ కట్టుకోండి. వేడెక్కే సైలెన్సర్‌కు దూరంగా కడితే దానివల్ల నష్టమేమీ లేదు.